గోల్కొండ – బందరు బాటలో రాత్రి బసలు

మొన్న నా పూర్వవిద్యార్థి ఒకడు ఫోను చేసినాడు. ముగ్గురు స్నేహితులు కలిసి హైదరాబాదు నుండి బందరు వరకు సైకిళ్ళ మీద పోదలచుకొన్నారట. జాతీయ రహదారి మీద లారీల హోరు పడలేక, నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడల మీదుగా ఊరిదారులు పట్టుకొని పోతారట. "పగలు తొక్కుడు సంగతి మేము చూసుకుంటం సార్. రాత్రి యాడ పండాలెనో మీరే చెప్పాలె" అన్నాడు. నాకు తెలిసిన రెండు మూడు లాడ్జీల జాడ చెప్పినాను గాని, ఆ ప్రశ్న మాత్రం నన్ను పుస్తకాల బీరువా దగ్గరకు నడిపించింది. ఆ బీరువా దుమ్ములో దొరికినదే ఈ టపా. కొంచెం పొడుగైనది, మిత్రులు ఓపిక పట్టాలి.

ముందుగా మాటల ముచ్చట. పండితశిక్షణ పొందినవానికి ఇది తప్పని జబ్బు. దారిలో రాత్రి ఆగే చోటుకు మన భాషలో ఎన్ని పేర్లున్నవో చూడండి. విడిది, బస, మజిలీ, సత్రం, చావడి, సరాయి, ముసాఫరుఖానా, డేరా, గుడారం. వీటిలో 'విడిది' మన సొంత మాట. సత్రం సంస్కృతం నుండి వచ్చినది. పలు దినాలు సాగే సోమయాగానికి మొదట 'సత్త్రము' అని పేరు. యజ్ఞం జరిగే చోట వచ్చినవారికెల్లా అన్నం పెట్టాలి గనుక అన్నదానానికి ఆ పేరు వచ్చింది. ఆ పైన అన్నం పెట్టే ఇంటికి, చివరకు అన్నం పెట్టినా పెట్టకున్నా బాటసారి పడుకొనే ఇంటికి అదే పేరు స్థిరపడ్డది. చావడిని ఇంగ్లీషువారు నోరు తిరగక 'చౌల్ట్రీ' చేసినారు. మనం మళ్ళీ వారి దగ్గర ఆ చౌల్ట్రీని అరువు తెచ్చుకొని బోర్డుల మీద వ్రాసుకొన్నాము!

మజిలీ అరబ్బీ 'మంజిల్'. దిగుట అనే అర్థమిచ్చే ధాతువు నుండి పుట్టినది. గుర్రం దిగిన చోటు మంజిల్. మనమూ పట్నం పోయివచ్చినవానిని "ఎవరింట్లో దిగినావు?" అనే కదా అడుగుతాము! ఈ మాటకు ఇంకొక అర్థం కూడా ఉన్నది. ఒక పగలు నడిచే దూరం కూడా మజిలీయే. చోటుకూ దూరానికీ ఒకటే పేరు. ఒక పగటి ప్రయాణం ఎక్కడ ముగుస్తుందో అక్కడ నీళ్ళూ నీడా ఉండాలి. అవి ఉంటేనే అది బాట, లేకుంటే అడవి. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు' కట్టడమంతా దీని మీదనే కదా! మజిలీకొక కథ చెప్పాలని గోపకుడు మణిసిద్ధునికి పెట్టిన షరతు. నడక ఆగిన చోటనే కథ మొదలవుతుంది.

ఇక అసలు బాట. గోల్కొండ సుల్తానులకు సముద్రపు వాకిలి మచిలీపట్నం. పదిహేడవ శతాబ్దంలో రాజధానికీ రేవుకూ మధ్య తెగని రాకపోకలుండేవి. ఈ దారిన పోయిన ఫ్రెంచి రత్నవర్తకుడు జాన్ బాప్తీస్త్ తావెర్నియే తన యాత్రాగ్రంథాన్ని 1676లో అచ్చువేయించినాడు. దానిని వాలెంటైన్ బాల్ 1889లో ఇంగ్లీషు చేసినాడు. తావెర్నియే వర్తకుడు గనుక అలంకారాల జోలికి పోడు. ఎక్కడ నుండి ఎక్కడికి ఎన్ని కోసులో లెక్క వ్రాస్తాడు. కొల్లూరు వజ్రపు గనుల మీదుగా పోయే దారిలో అతడు చెప్పిన మజిలీలను ఫ్రెంచి చెవి వినిపించిన రూపాలలో చదివితే నవ్వు వస్తుంది. జతెనగర్, పతెంగి, పెంగ్యుల్, నగెల్‌పర్, లకబరొన్, కులూర్. మన ప్రాంతం వారు రెండుమార్లు బిగ్గరగా పలికితే చాలు, మొదటివి తేలికగానే తెలిసిపోతాయి. హయత్‌నగరు, పంతంగి, నల్లగొండ పక్కన ఉన్న పానగల్లు, సూర్యాపేటకు దక్షిణాన ఉన్న నాగులపాడు. 'లకబరొన్' హుజూర్‌నగరు దగ్గరి లక్కవరమే అని నా ఊహ. కోసును రెండు మైళ్ళకు కొంచెం పైగా లెక్కకట్టి పటం మీద కొలిస్తే అతని అంకెలకు ఇది చక్కగా సరిపోతున్నది.

మిత్రులు గమనించవలసిన విషయమేమంటే, ఆ బాట నేటి రహదారి కాదు. పంతంగి దాటినాక అది దక్షిణానికి ఒరిగి పానగల్లు పోతుంది. అక్కడ నుండి నేటి సూర్యాపేటను ఎడమ చేతివైపు వదలి, మిర్యాలగూడను కుడి చేతివైపు వదలి, రెండింటి నడుమగా కృష్ణ వైపు సాగుతుంది. నా శిష్యుడు లారీలకు జడిసి ఎంచుకొన్న ఊరిదారి, తనకు తెలియకుండానే, ఇంచుమించు ఆ పాత రాజమార్గమే.

పానగల్లులోను, నాగులపాడులోను ఎందుకు ఆగినారు? ఈ రెండు చోట్లా కాకతీయుల కాలపు గుళ్ళున్నవి. పానగల్లులో పచ్చల సోమేశ్వరుడు, ఛాయా సోమేశ్వరుడు, ఉదయసముద్రమనే పెద్ద చెరువు. నాగులపాడులో త్రికూటాలయం. గుడి ఉన్నచోట కోనేరో చెరువో ఉంటుంది, నీళ్ళున్నచోట ఎడ్లకు గడ్డి, మనుషులకు అంగడి. రేచెర్ల రెడ్లు, కందూరు చోళులు త్రవ్వించిన చెరువులు పదిహేడవ శతాబ్దంలో బందరు పోయే ఫ్రెంచివాని ఎడ్లకు దప్పిక తీర్చినవి. మన శాసనాలలో చెరువు త్రవ్వించుట సప్తసంతానాలలో ఒకటని చదివి పిల్లలకు అర్థం చెప్పినాను గాని, ఈ లెక్కన అది రహదారి పని కూడా అని అప్పుడు తోచలేదు.

నాగులపాడును నేడు చాలామంది నాగులపహాడ్ అంటారు. కొర్లపహాడ్, పెన్‌పహాడ్ కూడా ఇలాంటివే. వీటిలో చాలావరకు 'పాడు'లే పారశీ దఫ్తరులో 'పహాడు'లై పోయినవని నా అభిప్రాయం. పహాడంటే కొండ. కొండ లేని ఊళ్ళకు గుమాస్తా కలం కొండలు పెట్టింది.

తావెర్నియే ఒక బస గురించి మాత్రం మనసు విప్పి వ్రాసినాడు. గోల్కొండ నుండి నాలుగు కోసుల దూరంలో తెనరా అనే చోట నాలుగు గొప్ప భవనాలు, ఒక్కొక్కదానికి పెద్ద తోట. అన్నిటికంటె అందమైనది రెండంతస్తుల రాతి మేడ, అది రాణీగారికి. మిగిలిన మూడింటిలో బాటసారులు దిగవచ్చును. ఇంటిలో ఉండడం ఇష్టం లేని గొప్పవారు తోటలో గుడారం వేసుకోవచ్చును. మేడ ముందరి విశాలమైన చదరానికి చుట్టూ పేద ప్రయాణికులకు చిన్న చిన్న గదులు. ప్రతి సాయంకాలం వారికి రొట్టె, అన్నం, వండిన కూర పంచుతారు. ఇతరులు వండినది తినని హిందువులకు మాత్రం పిండీ, కొంచెం నెయ్యీ ఇస్తారు. వారు రొట్టె కాల్చుకొని రెండు వైపులా నెయ్యి రాసుకొంటారని కూడా వ్రాసినాడు. ఆ వర్తకునికి ఆకలి బాగానే వేసి ఉంటుంది!

ఈ ఏర్పాటులో ఎన్ని మెట్లున్నవో చూడండి. రాణికి మేడ, ధనవంతునికి భవనం, మధ్యతరగతి వానికి వాకిటి అరుగు, పేదకు గోడవార గది. అయినా అందరికీ ఒకే ప్రహరీలో చోటున్నది, ఎవరూ పస్తు పడుకోరు, ఎవరి ఆచారమూ చెడదు. హయత్‌నగరులో హయత్ బక్షీ బేగం పేరిట ఉన్న మసీదు చుట్టూ నేటికీ సరాయి గదుల వరుస కనబడుతుంది. పక్కనే ఏనుగుల బావి. విజయవాడ బస్సులో పోయేవారు దాని ముందర నుండే పోతారు గాని కిటికీలో నుండి కనబడదు.

కొల్లూరు చేరే దారి రాళ్ళమయమట. రెండు మూడు చోట్ల బండి విడదీసి దాటించవలసి వచ్చిందని తావెర్నియే వ్రాసినాడు. ఆ కొల్లూరు ప్రాంతం ఇప్పుడు పులిచింతల జలాశయపు ముంపులో ఉన్నది. కాబట్టి సైకిలు విప్పి భుజాన వేసుకొన్నా ఆ మజిలీ దొరకదు.

ఈ దేశంలో ప్రయాణమంటే తావెర్నియే కంటె వెయ్యేళ్ళ ముందు నుండీ ఉన్నదే. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి బౌద్ధవిహారం దారి పక్కన పుట్టినది. 2024లో అక్కడ ఒక కుండలో ఇక్ష్వాకుల కాలపు సీసపు నాణేలు 3,730 దొరికినవి. వాటిని అక్కడ దాచినది వర్తకుడో భిక్షువో గాని, తిరిగి వచ్చే ఆశతోనే దాచి ఉంటాడు.

సరాయిలలో దిగనివారు కూడా ఈ బాటలో ఉండేవారు. తావెర్నియే వారినీ చూసినాడు. ధాన్యమూ ఉప్పూ ఎడ్ల మీద వేసుకొని, పదివేలు, పన్నెండువేల ఎడ్ల బారులతో, ఆలుబిడ్డలతో గుడారాలలో జీవిస్తూ దేశమంతా తిరిగేవారని వర్ణించినాడు. వారే బంజారాలు, మన లంబాడీలు. వారికి సత్రం అక్కర లేదు; ఎక్కడ ఎడ్లు ఆగితే అక్కడే ఊరు. ఆ బిడారుకు పేరు తండా. తరువాత కాలంలో రైళ్ళు వచ్చి ఉప్పు బస్తాలు వాటికెక్కిన నాడు ఎడ్ల బిడారుకు పని పోయింది. నడిచే తండా ఆగిన చోటనే నిలిచిపోయింది. నేడు మిర్యాలగూడ చుట్టుపక్కల, దామరచర్ల దాకా తండా అని పేరున్న ఊళ్ళు ఎన్నో ఉన్నవి. 2018 చట్టంతో తెలంగాణలో చాలా తండాలు గ్రామపంచాయతీలైనవి. ఒక రాత్రి విడిదిగా మొదలైన మాట పంచాయతీ కార్యాలయం బోర్డు మీదికి ఎక్కడానికి ఇన్ని తరాలు పట్టింది.

1889లో నిజాము రైలు వరంగల్లు, ఖమ్మంల మీదుగా బెజవాడ చేరింది. దానితో మన త్రికోణం, అంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నడుమనున్న నేల, పెద్ద దారికి పక్కన పడిపోయింది. బందరు సంగతి చెప్పనే అక్కర లేదు. 1864 ఉప్పెనకు ఆ పట్నం సగం చచ్చింది. కాలినడక, ఎడ్లబండి మాత్రం మిగిలినవి.

ఆ కాలంలో సూర్యాపేట నుండి కోదాడకు పోయేవానికి ఒక వింత అనుభవం ఉండేది. నడుమ మునగాల పరగణా. చుట్టూ నిజాము రాజ్యం, ఇది మాత్రం ఇంగ్లీషువారి కృష్ణా జిల్లాలో భాగం. ఒకే పగటిపూట రెండుసార్లు రాజ్యం మారేది. ఆ మునగాల జమీందారు నాయని వేంకటరంగారావు గారు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు గారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసినప్పుడు ఈ ఇద్దరి చేయీ అందులో ఉన్నది. మునగాలను తలచుకొన్నప్పుడు భాషానిలయాన్ని తలచుకోకుండా ఉండడం నా చేత కాదు, క్షమించండి.

మన భాషలో బస గురించి శ్రద్ధగా వ్రాసినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే నెలలో మద్రాసులో బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపురాల మీదుగా కాశీ చేరి, కలకత్తా చూసుకొని, తీరపు బాటన 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చినాడు. ఆయన బాట మన త్రికోణాన్ని తాకదు. కాని ఆయన 'కాశీయాత్రచరిత్ర' తెరిస్తే ప్రతి మజిలీకీ ఒకటే ప్రశ్నల వరుస. నీళ్ళు మంచివా? అంగళ్ళున్నవా? దిగడానికి సత్రమున్నదా, గుడారం వేయడానికి చోటున్నదా? బ్రాహ్మణ గృహాలు ఎన్ని?

ఈ కడపటి ప్రశ్న దగ్గర నేను ఆగిపోతాను. వీరాస్వామయ్య మంచివాడు, నిష్ఠాపరుడు, ఆ ప్రశ్న ఆయన కాలానికి సహజం. కాని దాని వెనుక అడగని ప్రశ్న ఒకటున్నది. ఆ సత్రాలలో అడుగుపెట్టలేనివాడు ఏ చెట్టు కింద పడుకొన్నాడు? అతడు యాత్రాచరిత్ర వ్రాయలేదు. వ్రాసినవాడు చాలాకాలానికి వచ్చినాడు. అమెరికాలో చదివి బరోడాలో కొలువుకు వెళ్ళిన అంబేడ్కరుకు ఊరంతటిలో దిగడానికి చోటు దొరకలేదు. పార్సీ పేరు చెప్పి ఒక పార్సీ సత్రంలో తలదాచుకొంటే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి వెళ్ళగొట్టినారు. 1934లో మన నిజాము రాజ్యంలోనే, దౌలతాబాదు కోట దగ్గర, చెరువు నీళ్ళతో కాళ్ళూ ముఖమూ కడుగుకొన్నందుకు ఆయననూ ఆయన తోటివారినీ అటకాయించినారు. 'వీసా కోసం ఎదురుచూపు' అనే ఆ చిన్న పుస్తకాన్ని నేను యాత్రాసాహిత్యం కిందనే లెక్కవేస్తాను. బస దొరకని వాని యాత్రాసాహిత్యం అది. తెనరాలో పిండీ నెయ్యీ ఇచ్చిన ఔదార్యం గురించి పైన ముచ్చటపడినాను; ఆ గోడవార గదుల వెలుపల ఎవరున్నారో తావెర్నియే వ్రాయలేదు.

శ్రీశైలం పోయి చూడండి, సత్రాల బోర్డుల మీద నేటికీ కులాల పేర్లే. గది అడిగితే ముందు ఇంటిపేరు అడిగిన సత్రం గుమాస్తాను నేను ఎరుగుదును.

ఇక సైకిలు. థామస్ స్టీవెన్స్ అనే అతడు 1884 నుండి 1886 వరకు పెద్ద చక్రం సైకిలు మీద భూమి చుట్టివచ్చినాడు. మన దేశంలో పంజాబు నుండి కలకత్తా వరకు గ్రాండ్ ట్రంకు రోడ్డు మీద తొక్కి, డాకు బంగళాలలో రాత్రులు గడిపినాడు. దొరతనం వారి బంగళా, దొరకు తలుపు తెరిచింది. 1923లో బొంబాయి నుండి బయలుదేరిన పార్సీ యువకులు కూడా ప్రపంచం చుట్టినారు. సైకిలు ఎడ్లబండికి తమ్ముడే. ఎండకూ వానకూ లొంగుతుంది, చీకటి పడితే ఆగాలి. మోటారు ఆగదు. మోటారు వచ్చినాకనే మజిలీ చచ్చింది. నాలుగు వరుసల రహదారి మీద హైదరాబాదు నుండి బందరు ఒక పూట ప్రయాణమైనప్పుడు నడుమ ఊళ్ళో రాత్రి దిగేవాడెవడు? నేడు సూర్యాపేట దగ్గర బస్సు ఆగేది టీ, టిఫినుల కోసం ఇరవై నిమిషాలు. అదే మిగిలిన మజిలీ. తావెర్నియే బస చేసిన పంతంగిలో ఇప్పుడున్నది టోలుగేటు. అక్కడ ఆగేది డబ్బు కట్టడానికి మాత్రమే.

అమెరికాలో నివసించే మా బంధువుల అబ్బాయి ఒక సంగతి చెప్పినాడు. వాషింగ్టన్ నగరం నుండి కంబర్లాండు దాకా పోటోమాక్ నది వెంబడి 184 మైళ్ళ పైచిలుకు పాత కాలువ ఉన్నది. కంచరగాడిదలు కట్టమీద నడుస్తూ పడవలను లాగేవట. 1924లో పడవలు ఆగిపోయినవి. 1971లో దానిని చారిత్రక ఉద్యానంగా ప్రకటించినారు. గాడిదలు నడిచిన ఆ కట్ట ఇప్పుడు సైకిలు బాట. కొన్ని మైళ్ళకొకటి చొప్పున గుడారం వేసుకొనే చోటు, ఒక చేతిపంపు, మరుగుదొడ్డి. రూపాయి తీసుకోరు. ఒక చోట ఒక రాత్రికి మించి ఉండరాదు. ఇది విని నేను పెద్దగా నవ్వినాను. మన సత్రాలలో మూడు రోజులకు మించి ఉండనీయరు కదా, వారు ఇంకా పిసినారులు! కాని ఇంటిపేరు అడగరు.

మనకూ కాలువ ఉన్నది. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో నీళ్ళు వదలిన నాగార్జునసాగరం ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. మన త్రికోణాన్ని అది ఆ కొస నుండి ఈ కొస దాకా కోసుకొని పోయి పాలేరు జలాశయం చేరుతుంది. కట్ట మీద జీపుబాట ఉన్నది, చెట్ల నీడ ఉన్నది, ఇంజనీర్ల కోసం కట్టిన తనిఖీ బంగళాలున్నవి. లేనిది చేతిపంపు, ఒక రేకుల షెడ్డు మాత్రమే. 1980లలో నేను అట్లాసు సైకిలు మీద బడికి పోయేటప్పుడు ఐదారు మైళ్ళు ఆ కట్టమీదనే పోయేవాడిని. పొలాల మీది గాలి, పక్కన నీళ్ళ చప్పుడు. వానకాలంలో మాత్రం కట్ట దగ్గర గుడారం వేయవద్దు. 2024 సెప్టెంబరు వరదలకు నడిగూడెం వైపు ఈ కాలువకు గండి పడింది.

సైకిలు యాత్రికులకు ఈనాడు దొరికేవి చెప్పి ముగిస్తాను. మూడు పట్టణాలలోనూ లాడ్జీలున్నవి, ఒకదాని నుండి మరొకదానికి యాభై కిలోమీటర్లు అటూ ఇటూ. దారికి దక్షిణంగా మూసీ కృష్ణలో కలిసే వాడపల్లిలోను, మట్టపల్లి నరసింహస్వామి దగ్గరా రాత్రికి గుడి ఆసరా ఉంటుంది. 1986 శివరాత్రికి ముగ్గురు ఉపాధ్యాయులం సైకిళ్ళ మీద వాడపల్లి పోయి మండపంలోనే పడుకొన్నాము. రెండేళ్ళకొకసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర జరిగే రోజులలో పోతే, గుట్ట చుట్టూ బండ్లూ గుడారాలూ వేసుకొని దిగిన వేలమందిలో మీరూ కలిసిపోవచ్చును. పాతకాలపు విడిది ఎట్లుండేదో చూడడానికి అంతకన్న మంచి చోటు మన జిల్లాలో లేదు. ఇక ప్రతి ఊరి చివర వెలసిన ఫంక్షను హాళ్ళు. ముహూర్తాలు లేని మూఢంలో అవి ఖాళీగా ఉంటాయి. కాపలాదారుతో మర్యాదగా మాట్లాడితే అరుగు దొరకవచ్చును. బడి వరండాలు సరేసరి. నేను పనిచేసిన బడిలో పగటివేషాలవారు, చిందు భాగవతులవారు శనివారం రాత్రి దిగి, సోమవారం గంట కొట్టకముందే ఊడ్చి నీళ్ళు చల్లి వెళ్ళేవారు. ఇప్పుడు చాలా బళ్ళకు ప్రహరీగోడ, గేటు, తాళం వచ్చినవి. తాళం చెవి ఎవరి దగ్గర ఉన్నదో ముందే కనుక్కోండి.

ఈ బాటలో, లేక మీ ఊళ్ళో, పాత సత్రమో, దాని గోడమీద శాసనమో మిగిలి ఉంటే వ్యాఖ్యలో వ్రాయండి. ఎవరు కట్టించినారు, ఎవరిని రానిచ్చేవారు, ఇప్పుడు అందులో ఏమున్నది? ఈ మూడూ వ్రాస్తే చాలును.